హెలెన్ సిస్టరుగారికి ఓ చెంప కావాలి

హెలెన్ సిస్టరుగారు మగవాళ్ల కళ్లలోకి చూసి మాట్లాడరు. గడ్డం వంక చూసి మాట్లాడతారు. మనం కరెంటు పోయిందని చెబుతున్నా, కాలువకి నీళ్లు వదిలారని చెబుతున్నా, ఆవిడ చూపు మాత్రం మన చెవికీ దవడకీ మధ్య ఎక్కడో ఆగి, అక్కడ మొలిచినదాన్ని అంచనా వేస్తుంటుంది. మన మాట పూర్తవగానే అడుగుతారు.

"నాయనా, ఆ చెంప ఒక్కసారి ఇస్తావా?"

బాపట్లలో నర్సుగా చేసి రిటైరయ్యాక ఆవిడ తెనాలిలో సొంతింటికి వచ్చేశారు. మేడ మీద భాగంలో మేముంటాం. ఆవిడకున్న ఒకే ఒక్క వ్యాపకం మంగలి కత్తులు నూరడం. ఇప్పుడు సెలూన్లలో కూడా బ్లేడు సగానికి విరిచి, కత్తిలో దూర్చి, పనైపోగానే పారేస్తున్నారు. మడిచి పెట్టుకునే పాతకాలం కత్తులు అటకలెక్కాయి. ఆవిడ ఊరూరా తెలిసినవాళ్ల చేత వాటిని దింపించి, తుప్పు వదిలించి, రాయి మీద పెడతారు.

నూరడంతో అయిపోతుందా? తెగుతుందో లేదో చూడాలి కదా. మొదట వెంట్రుక పరీక్ష. గాలిలో వేలాడే వెంట్రుకని కత్తి అంచుకి తాకిస్తే చప్పుడు కాకుండా రెండు ముక్కలవ్వాలి. ఆ వెంట్రుకలు మా ఆవిడ హాసిని దువ్వెనలోంచి వెళ్తాయి. తర్వాతది చెంప పరీక్ష. ఆ చెంప నాది.

"సిస్టరుగారూ, పొద్దున్నే గీసుకున్నానండి."

"కుడివైపు గీసుకున్నావు కిరీటీ. ఎడమ దవడ కింద వదిలేశావు. నాకది చాలు, కూర్చో."

మెట్ల మీద కూర్చోబెట్టి, నురగ పూసి, కత్తి ఒక్కసారి లాగి ఆగుతారు.

"మంట పుట్టిందా?"

"లేదండి."

"మర్యాదకి చెబుతున్నావా, నిజమేనా?"

"కొంచెం... చురుక్కుమందండి."

అంతే. నన్నలాగే వదిలేసి మళ్లీ రాయి దగ్గరికి వెళ్లిపోతారు. సగం నురగతో నేను మెట్ల మీద కూర్చుని ఉంటే పాలు పోసే బసవమ్మ గేటు తీసుకుని వస్తూ, "ఇయ్యాల కూడా దొరికిపోయారా బాబూ?" అని జాలిపడుతుంది.

మా వీధిలో మగవాళ్లందరికీ ఈ భయం ఉంది. పక్కింటి వెంకటకృష్ణయ్యగారు గీసుకోని రోజున దొడ్డిదారిన తిరుగుతారు. చర్చిలో జార్జి పాస్టరుగారు ప్రసంగం చేస్తుంటే మొదటి వరసలోంచి ఆవిడ చూపు ఆయన గడ్డాన్నే తడుముతూ ఉండేదట. భరించలేక ఆయన గడ్డం పెంచేశారు. సంఘంలో అందరూ అయ్యగారు ఏదో పెద్ద ఉపవాసం పట్టారనుకుని, ఆయన చేత మరింత ఎక్కువసేపు ప్రార్థనలు చేయించుకున్నారు.

ఇక రాళ్ల సంగతి. వాటిని ఆవిడ మనుషుల్లాగే చూస్తారు. ఫ్యాక్టరీలో చేసిన రాళ్లకి నెంబర్లుంటాయి. వెయ్యి నెంబరు గరుకు, ఎనిమిది వేల నెంబరు నునుపు. ఇవి కాక గనిలోంచి తవ్వి తీసిన పసుపు రంగు రాయి ఒకటుంది. బెల్జియం నుంచి పార్శిల్లో వచ్చింది.

"ఫ్యాక్టరీ రాయి డ్యూటీ తెలిసిన నర్సులాంటిది నాయనా. టైముకొస్తుంది, చెప్పింది చేస్తుంది. గని రాయికి మనసుంటుంది. ఒకరోజు పలుకుతుంది, ఒకరోజు పలకదు. కానీ చివర్లో ఆ మెత్తదనం ఇవ్వడం దానికే వచ్చు."

ఎనిమిది వేల నెంబరు రాయిని వాడే ముందు నీళ్లలో నానబెట్టాలి. ఒకసారి ఆవిడ దాన్ని పెరట్లో బకెట్లో వేసి మార్కెట్టుకి వెళ్లారు. హాసిని బట్టలుతకడానికి దిగి, ఆ రాయిని చూసి, నున్నగా బావుందని మడమలు రుద్దుకుంది. సిస్టరుగారు తిరిగొచ్చేసరికి రాయి మధ్యలో గాడి పడింది. హాసిని ఏడుపు మొహంతో నిలబడింది. ఆవిడ రాయిని వెలుతురుకి పెట్టి చూశారు. తర్వాత హాసిని పాదాలకేసి చూశారు.

"ఎనిమిది వేలతో మొదలెడితే ఏం దిగుతుందమ్మా? ముందు వెయ్యి నెంబరుతో రుద్దాలి. ఉండు, తెచ్చిస్తాను."

నిజంగానే తెచ్చిచ్చారు. తర్వాత సాయంత్రం దాకా కూర్చుని, గాడి పడ్డ రాయిని చదును చేసుకున్నారు.

అంత మంచావిడే, కానీ నా చెంపకి కూడా ఓపికుండాలి కదా. ఈ వానాకాలంలో నేనూ పాస్టరుగారి దారి పట్టి గడ్డం పెంచాను. ఆఫీసులోనూ వీధిలోనూ అడిగినవాళ్లకి మొక్కన్నాను. సిస్టరుగారు నా గడ్డం చూసి నిట్టూర్చి, రాయి దగ్గరికి వెళ్లిపోయారు. నేను గెలిచాననుకున్నాను.

ఒక శనివారం సాయంత్రం వానకి తడిసిన ఆవిడ బట్టలు తీసి ఇద్దామని కిందికి వెళ్లాను. తలుపు తీసే ఉంది. ఆవిడ అద్దం ముందు కూర్చున్నారు. చెంప నిండా సబ్బు నురగ. చేతిలో కత్తి.

"సిస్టరుగారూ! ఏంటండీ ఇది?"

"అరవకు, చెయ్యి ఒణుకుతుంది. చెంప దొరకలేదు నాయనా. నా చెంప మీద సబ్బు తెగుతోంది తప్ప ఇంకేం తెలియట్లేదు. పొద్దున్నే రేపల్లె వెళ్లాలి."

"రేపల్లెలో ఏముందండి?"

ఆవిడ నురగ తుడుచుకుని చెప్పారు. పాండురంగగారని రిటైరైన బస్సు కండక్టరు. పక్షవాతంతో కుడివైపు పడిపోయింది, మాట పోయింది. ఇంట్లో వాళ్లు మామూలు రేజరుతో గీయబోతే జారిపోయిన చర్మం రెండుసార్లు తెగింది. అప్పట్నుంచి ఎవరినీ మొహం ముట్టుకోనివ్వడం లేదు. చూడ్డానికొచ్చినవాళ్లని చూడకుండా గోడవైపు తిరిగిపోతున్నారు. తిండి కూడా సరిగ్గా తినడం లేదు. ఆయన భార్య ఫోన్ చేసిందట.

"ఇలాంటివాళ్లింకా ఉన్నారా అండి?"

"బాపట్లలో ఉన్నారు, వేమూరులో ఉన్నారు. ఎవరి కత్తి వాళ్లదే, నూరి తీసుకెళ్తాను. కానీ నూరిన కత్తి సరాసరి వాళ్ల మొహం మీద ఎలా పెడతాను? నీకు మంట పుడితే నువ్వు అరుస్తావు. వాళ్లు అరవలేరు."

నేను తడి బట్టలు తలుపు పక్కన పెట్టాను. ఆవిడ కత్తిని స్పిరిటుతో తుడుస్తూ, వాన గురించి చెప్పినంత మామూలుగా చెప్పారు.

"మా ఆయన మధుబాబుగారు మంచాన పడ్డాక రోజూ గడ్డం తడుముకునేవారు. చర్చికి గీసుకోకుండా వెళ్లని మనిషి. ఆయన కత్తి మొద్దుబారింది. నూరేవాళ్లు దొరకలేదు. యూట్యూబులో చూసి నేర్చుకుందామని కూర్చున్నాను. నేను నేర్చుకునేసరికి ఆయన లేరు. నేర్చుకున్నది మాత్రం ఉండిపోయింది. దాన్నేం చెయ్యను?"

నేను వెళ్లి కుర్చీలో కూర్చున్నాను.

"మొక్కన్నావుగా?"

"తీరిపోయిందండి. కానివ్వండి."

ముందు కత్తెరతో దింపారు. తర్వాత కత్తి పెట్టారు. మొదటి లాగుకి నేను "చురుక్కు" అన్నాను. కత్తి పసుపు రాయి మీదికి వెళ్లొచ్చింది. రెండోసారీ అన్నాను. మూడోసారి కత్తి నడిచిన సంగతి కూడా నాకు తెలియలేదు.

మర్నాడు ఆవిడతోపాటు నేనూ రేపల్లె రైలెక్కాను, రాళ్ల సంచీ మోయడానికని చెప్పి. పాండురంగగారి భార్య మాణిక్యాంబగారు వాకిట్లోనే ఎదురొచ్చారు. "ఈయన కొల్లూరు, వేమూరు, తెనాలి అని కేకేస్తే నిద్రపోయేవాళ్లు లేచి బస్సెక్కేవాళ్లండి. ఇప్పుడు మంచినీళ్లు కావాలన్నా సైగే" అన్నారు, చీర చెంగుతో చేతులు తుడుచుకుంటూ.

ఆయన గోడవైపు తిరిగి ఉన్నారు. సిస్టరుగారు బతిమాలలేదు. నన్ను తీసుకెళ్లి గోడకీ మంచానికీ మధ్య కూర్చోబెట్టారు.

"పాండురంగగారూ, ఈ అబ్బాయిని నిన్న మీ కత్తితోనే గీశాను. ఎక్కడైనా తెగిందేమో మీరే చూడండి."

ఆయన కళ్లు నా గడ్డం మీద ఆగాయి. తర్వాత ఆయన ఎడమచెయ్యి మెల్లగా లేచింది. నా గడ్డం పట్టుకుని, అనుమానమున్న టికెట్టుని తిప్పి చూసినట్టు, అటు తిప్పారు, ఇటు తిప్పారు. దవడ కింద బొటనవేలితో ఎదురు రుద్ది చూశారు. పరీక్ష అయ్యాక ఆయన వెల్లకిలా తిరిగి కళ్లు మూసుకున్నారు.

సిస్టరుగారు వేడినీళ్ల గుడ్డ పరిచారు. జారిపోయిన చెంపని రెండు వేళ్లతో పైకి లాగి పట్టుకుని, కత్తి నడిపారు. గదిలో ఆ సన్నటి గరగర తప్ప ఏమీ వినిపించలేదు. ప్రతి లాగు తర్వాతా ఆగి ఆయన కనుబొమ్మల్ని చూసేవారు. అవి ఒక్కసారి కూడా ముడిపడలేదు.

సిస్టరుగారు ఎదురుగా అద్దం పట్టుకుంటే ఆయన తన మొహాన్ని ఎవరో పాత స్నేహితుణ్ణి చూసినట్టు చూసుకున్నారు. కిటికీ తెరవమని చేత్తో చూపించారు. వీధిలోంచి పక్కింటివాళ్లు తొంగిచూసి, "బాబాయ్ ఇవాళ డ్యూటీకి వెళ్లేట్టున్నాడే!" అన్నారు. ఆయన గోడవైపు తిరగలేదు.

మాణిక్యాంబగారు గబగబా లోపలికెళ్లి కాటుక డబ్బా తెచ్చి, ఆయన చెంప మీద ఇంత చుక్క పెట్టారు.

"అదేంటమ్మా!" సిస్టరుగారికి నిజంగానే కోపమొచ్చింది. "అంత కష్టపడి శుభ్రం చేస్తే మసి పూస్తావేంటి?"

"ఊరందరి కళ్లూ ఈయన మీదే పడతాయండీ ఇవాళ. దిష్టి తగలదూ?"

పాండురంగగారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. నవ్వు మొహంలో ఒకవైపే వచ్చింది కానీ, వచ్చినంతమేరా బాగానే వచ్చింది. అప్పుడాయన ఎడమచేతి వేలు ఎత్తి, ఇటువైపు కూడా పెట్టమన్నట్టు, రెండో చెంప మీద తట్టి చూపించారు.