గోదావరి గట్టున పెళ్లికూతురి అద్దం

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ లేదని నా గట్టి నమ్మకం. ఇప్పుడు బాగా తెలిసిన పని దగ్గర కూడా ఒకటికి రెండుసార్లు అనుమానం వస్తుంది గానీ, ఇరవై రెండేళ్ల వయసులో, డిప్లొమా సర్టిఫికెట్టుకు చేయించిన లామినేషన్ వేడి ఇంకా ఆరకముందు, ఆ అనుమానం అనేది నా దరిదాపులకు వచ్చేది కాదు. ఖమ్మంలో ఒక చిన్న కంపెనీలో చేరాను. పని ఏమిటంటే, రోడ్ల మీద, గోదాముల్లో, నది ఒడ్డున బిగించిన నిఘా కెమెరాల బొమ్మను ఆఫీసుల్లో ఉండే తెరల దాకా చేర్చడం. కొన్నిచోట్ల భూమిలో ఫైబర్ తీగ వేసేవాళ్లం, తీగ పోనిచోట స్తంభాలకు చిన్న చిన్న డిష్షులు కట్టి గాలిలోంచి పంపేవాళ్లం. మా నాయిన కొత్తగూడెం బొగ్గుబావిలో కార్మికుడు. ఇదంతా ఆయనకు నాలుగుసార్లు విడమరిచి చెప్పాక, పక్కింటాయనతో, "మా బిడ్డ టీవీలు బాగు చేస్తది" అన్నాడు. వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. (అన్నం మాత్రం ఆయన పక్కనే కూర్చుని తిన్నాను.)

అది శ్రావణమాసం. గోదావరి పెరుగుతోందని రెండు రోజులుగా అందరి నోటా అదే మాట. బూర్గంపాడు వైపు నది గట్టున మేము బిగించిన కెమెరా ఒకటి ఉంది. నీటిమట్టం తెలిపే గీతల స్తంభం వైపే చూస్తూ ఉంటుంది, అవసరమైతే తల తిప్పి వాగు అవతలి గూడేన్ని కూడా చూపిస్తుంది. ముందు రోజు సాయంత్రం గండికి మట్టి తోలుతున్న జేసీబీ ఒకటి మా ఫైబర్ తీగను పుటుక్కున తెంపేసింది. మా సీనియర్ అప్పటికే జీపులో అక్కడికి వెళ్లిపోయాడు. ఆయన ఎక్కడికెళ్లినా వెంట నిచ్చెన ఉండేది, మనిషి కూడా నిచ్చెన అంతే ఉండేవాడు, అందుకని అందరం నిచ్చెనన్న అనే పిలిచేవాళ్లం. స్ప్లైసింగ్ మిషన్ మాత్రం ఖమ్మంలోనే ఉండిపోయింది. తెగిన గాజు తీగను, తలవెంట్రుకంత సన్నటిదాన్ని, చివరా చివరా చేర్చి కరిగించి అతికే యంత్రం అది. మా కంపెనీ మొత్తానికి ఒక్కటే ఉండేది.

పొద్దున్నే మా కంపెనీ సార్ పిలిచి ఆ మిషన్ పెట్టె నా చేతుల్లో పెట్టాడు. "అమ్మా, ఇది నీ పానం అనుకో. భద్రాచలం బస్సెక్కు. జల్దీ పో. ఆడ నిచ్చెన ఎదురుచూస్తుండు" అన్నాడు. ఒంటరిగా నాకు అప్పగించిన మొదటి పని. "అవ్ సార్, చూసుకుంట" అన్నాను, ఏదో రాకెట్టు పట్టుకెళ్తున్నదానిలా. అల్యూమినియం అంచులున్న వెండిరంగు పెట్టె. బస్సులో పై అరలో పెట్టి, దాని కిందనే కూర్చున్నాను. నా పక్కన ముప్పై ఏళ్ల ఆవిడ, తల నిండా క్లిప్పులు, ఒళ్లో పూలబుట్ట. తల్లాడ దాటేదాకా ఆవిడ నా కనుబొమ్మల గురించి ఒక్కటే సలహాలు. (ఇప్పుడనిపిస్తుంది, అన్నీ సరైన సలహాలే.) ఆ తర్వాత నిద్రపోయాను. నిద్రంటే మామూలు నిద్ర కాదు, నోరు తెరుచుకుని, కిటికీకి తల కొట్టుకుంటున్నా లేవని నిద్ర.

పది దాటాక బూర్గంపాడు దగ్గర పెట్టె దించుకుని దిగి, నాకోసం పంపిన మా జీపెక్కాను. మండలాఫీసు మెట్ల మీద నిచ్చెనన్న నిలబడి ఉన్నాడు. లోపల పెద్ద తెర నల్లగా ఉంది. దాని ముందు మండలాఫీసరు మేడం, చుట్టూ ఫోన్లు మోగుతున్నాయి. పక్కనున్న బళ్లో వాగు అవతలి గూడెం వాళ్లందరినీ ముందురోజే తెచ్చి ఉంచారు. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చూసి చెప్పడానికి మనిషిని పంపుదామంటే గట్టు మీద దారి బురదలో కూరుకుపోతోంది, పోయినా అంత దూరం నుంచి ఆ గీతలు కంటికి ఆనవు. "వచ్చినవా తల్లీ, తెరువు" అన్నాడు అన్న. నేను చాలా హుందాగా మోకాళ్ల మీద కూర్చుని, రెండు గొళ్లాలూ టక్కున తీసి మూత ఎత్తాను.

లోపల లిప్‌స్టిక్కులు. వరసగా, ఎరుపు నుంచి గులాబీ దాకా. పౌడరు డబ్బాలు, అతికించుకునే కనురెప్పల వెంట్రుకలు, జడకు పెట్టే బిళ్లలు, మూత లోపల చుట్టూ బల్బులున్న గుండ్రటి అద్దం. ఆ అద్దంలో నా మొహం. ఆ మొహంలో నోరు మళ్లీ తెరుచుకునే ఉంది.

"ఏంది ఇది?" అన్నాడు నిచ్చెనన్న. మూత వేసి మళ్లీ తీశాను, అవే లిప్‌స్టిక్కులు. ఆయనే నెమ్మదిగా, "దీంతోని తీగ అతుకుతదా?" అన్నాడు. ఏడుపొచ్చింది గానీ, ఏడిస్తే ఆ లిప్‌స్టిక్కుల మీద పడుతుందని భయమేసి ఆపుకున్నాను. పెట్టె అరలో పార్లర్ కార్డులు దొరికాయి. వాటి మీది నంబరుకు ఫోన్ చేశాను. మొదటి రింగుకే అటునుంచి బస్సులో నా పక్కన కూర్చున్నావిడ కేకలు.

"ఎవలు? నా పెట్టె నీ దగ్గరుందా? ఈడ ఏన్కూరుల పెండ్లిపిల్లను కుర్సీల కూసోబెట్టి తెరిస్తే ఏందో మిషను, కత్తెర్లు, స్పిరిట్ బుడ్డి! నేనేదో డాక్టరమ్మ పెట్టె అనుకున్న. పిల్ల దడుసుకుంది!"

"అక్కా, నువ్వే నా పెట్టె తీసుకొని దిగినవ్..." అన్నాను, వీలైనంత కోపం తెచ్చుకుని.

"నేను తీసుకున్ననా? చెల్లే, నా పెట్టె అందియ్యి అంటే నువ్వే లేసి, నా చేతికిచ్చి, మల్ల పండినవ్ కదా!"

అప్పుడు లీలగా గుర్తొచ్చింది. ఎవరో భుజం తట్టడం, నేను లేచి పై అరలో పక్కపక్కనే ఉన్న రెండు వెండిరంగు పెట్టెల్లో ఒకటి అందించడం, "జాగ్రత్త అక్కా" అని కూడా అనడం. సార్ నా ప్రాణం అని చెప్పిన పెట్టెను నా రెండు చేతులతో సాగనంపి, జాగ్రత్తలు చెప్పి మరీ పడుకున్నాను. ఈ సంగతి సార్‌కు ఎలా చెప్పాలో తెలియక, ఆ క్షణంలో గోదావరి ఇంకొంచెం పెరిగి నన్నొక్కదాన్నే తీసుకుపోతే బాగుండు అనిపించింది.

పార్లరక్క మాత్రం నా కన్నా త్వరగా తేరుకుంది. పెళ్లిపిల్లకు అసలు అలంకారం సాయంత్రం విందుకట, ఐదింటిలోపు పెట్టె చేరితే చాలట. తను మా పెట్టెను వచ్చే భద్రాచలం బస్సు కండక్టరు చేతికిస్తుంది, నేను తన పెట్టెను రెండింటి బస్సులో పంపాలి. అంతా సరే, కానీ మా మిషన్ వచ్చేసరికి మూడవుతుంది. అప్పటిదాకా ఆ నల్లటి తెర ఏం కావాలి? మేడం మమ్మల్ని తిట్టలేదు. "మూడింటి దాకా ఆగలేనమ్మా. బళ్లో ముసలోళ్లున్నరు, ఇంకా పై ఊరికి తరలించాలా వద్దా నేను చెప్పాలె" అంది. తిట్టినా బాగుండేది.

నిచ్చెనన్న గోడకానుకుని కాసేపు ఆలోచించి, "జీపుల రెండు డిష్షులున్నయి. తల్లాడ గోదాము నుంచి విప్పుకొచ్చినవి. తీగ తెగితే తెగింది, గాలిల పంపుదాం" అన్నాడు. ఒక డిష్షు గట్టు మీద కెమెరా స్తంభానికి, రెండోది ఆఫీసు డాబా మీద. మధ్యలో కిలోమీటరు కూడా ఉండదు. కాకపోతే రెండూ ఒకదాని మొహం ఒకటి సూటిగా చూసుకోవాలి, కొంచెం పక్కకు తిరిగినా బొమ్మ రాదు. ఆయన బురదలో నడుచుకుంటూ గట్టుకు వెళ్లాడు, నేను డాబా ఎక్కాను. సన్నటి వాన. మధ్యలో జామాయిల్ తోట, దాని మీద తెల్లటి మబ్బు. అరగంట తర్వాత ఫోన్లో అన్న గొంతు: "నాకు ఇండ్లన్నీ ఒక్కతీరుగనే కనవడుతున్నయి. నువ్వు ఏ డాబా మీదున్నవ్?" చున్నీ ఊపాను. కనపడలేదన్నాడు. గొడుగు ఊపాను. "ఊర్ల అందరూ గొడుగులే ఊపుతున్నరు" అన్నాడు.

అప్పుడు తట్టింది. కిందికి పరుగెత్తి, ఆ పెట్టెలోంచి బల్బుల అద్దాన్ని ఊడదీసుకుని మళ్లీ పైకొచ్చాను. వెనకాల బ్యాటరీ మీట నొక్కితే మబ్బు పట్టిన ఆ పగటిపూట తెల్లటి చక్రంలా భగ్గుమని వెలిగింది. దాన్ని రెండు చేతులా తలపైకెత్తి గోదావరి వైపు చూపిస్తూ నిలబడ్డాను. (కింద రోడ్డు మీద ఒకాయన సైకిలాపి నాకు దండం పెట్టాడు. ఎందుకో అడగలేదు.)

"ఏదో సందమామ లెక్క మెరుస్తుంది. అదేనా?" అన్నాడు అన్న, పిట్టగోడ మీద పెట్టిన ఫోన్లోంచి.

"అవ్ అన్నా! అదే నేను!"

డిష్షు వెనకాల ఆకుపచ్చ దీపాలుంటాయి, సిగ్నల్ దొరికే కొద్దీ ఒక్కొక్కటే వెలుగుతాయి. ఆయన అటు తిప్పుతుంటే నేనిటు తిప్పాను. ఒక దీపం వెలిగి ఆరిపోయింది. మళ్లీ ఒకటి. రెండు. ఎప్పుడొచ్చిందో మేడం డాబా మీదికి వచ్చి, డిష్షుకు తగిలించిన నా ల్యాప్‌టాప్ మీద గొడుగు పట్టుకుని నిలబడింది, తను పూర్తిగా తడిసిపోతూ. "ఇంకొంచెం ఎడమకు, ఇంకొంచెం... ఆగన్నా! కదిలియ్యకు!" మూడో దీపం వెలిగింది, నిలబడింది. ల్యాప్‌టాప్‌లో ముందు చారలు, తర్వాత ఏదో బూడిదరంగు, ఆ తర్వాత గీతల స్తంభం, దాని చుట్టూ ఎర్రటి నీళ్లు.

"వచ్చిందీ!" అని నేను పెట్టిన కేక ఫోన్ లేకుండానే గట్టుదాకా వినపడిందని నిచ్చెనన్న తర్వాత చెప్పాడు. మేడం తెర మీదికి వంగి గీతలు లెక్కపెట్టింది. నీళ్లు అంతకుముందు ఎక్కిన చోటు స్తంభం మీద ఎర్రటి మరకలా కనపడుతోంది, ఇప్పుడవి దానికి జానెడు కిందున్నాయి. ఇంకోసారి లెక్కపెట్టి, పిట్టగోడకు ఆనుకుని, "తగ్గుతుంది" అంది. అంతే. ఆ ఒక్క మాట మెట్లు దిగేసరికి కింద ఆఫీసులో అందరి భుజాలూ ఒకేసారి కిందికి దిగాయి.

కబురు బళ్లోకి పాకింది. కాసేపటికి పెద్ద తెర ముందు గూడెం జనం కిక్కిరిశారు. ఒక అవ్వ అందరినీ తోసుకుంటూ వచ్చి, నా చెయ్యి పట్టుకుని, "మా ఇల్లు చూపియ్ బిడ్డా" అంది. కెమెరా తల తిప్పాను. వాగు, చింతచెట్లు, ఆ తర్వాత ఒక్కొక్కటే ఇళ్లు. నీళ్లు వాకిళ్ల దగ్గరే ఆగిపోయాయి. అవ్వ తెర మీద వేలు పెట్టింది. గడ్డికప్పు మీద తడిసి ముద్దయిన కోడి ఒకటి కూర్చుని ఉంది. అవ్వ తన భాషలో మనవరాలితో ఏదో గబగబా అంది, అందరూ పగలబడి నవ్వారు. ఏమన్నదని అడిగితే ఆ పిల్ల, "నిన్నటిసంది కోడికోసం ఏడ్సిందట, అది జూస్తే మారాణి లెక్క కూసున్నదని తిడుతుంది" అని చెప్పింది.

అద్దం తుడిచి, పెట్టెలో బిగించి, రెండింటి బస్సు వెనకాల పరుగెత్తి ఎక్కించాను. మూడింటికి మా పెట్టె వచ్చింది. చీకటి పడేలోపు తెగిన తీగను అతికాం. మొదటి అతుకు అన్న నా చేతే వేయించాడు. సార్‌కు నేనే ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. అంతా విని, "పెండ్లిపిల్ల తయారైందా?" అని అడిగాడు. తయారైందన్నాను. "మంచిగనే అయింది. అన్నం తిను" అని పెట్టేశాడు. ఆ రాత్రి పార్లరక్క పంపిన ఫొటోలో పెళ్లికూతురు నిజంగానే మెరిసిపోతోంది.

ఇప్పుడు నా కింద పదిమంది పని చేస్తున్నారు. అడవి దారుల్లో, నది గట్లలో ఎన్నో బొమ్మలు తెప్పించాను. బొమ్మ తెర మీదికి రాగానే కళ్లజోడు సర్దుకుని, "ఓకే, వచ్చింది, సామాను సర్దండి" అంటాను. పద్ధతిగా, పెద్దమనిషిలా. మొన్నొకరోజు ఎవరూ లేని డాబా మీద, చుట్టూ చూసుకుని, ఆనాటిలా ఒక్కసారి కేక పెడదామనుకున్నాను. నోరు తెరిచాను గానీ దగ్గొచ్చింది. నవ్వుకుంటూ మెట్లు దిగాను, మోకాళ్లు జాగ్రత్తగా చూసుకుంటూ.