గారె నోట్లో ఉండగా మోగిన డ్రమ్ము

వోణీల ఫంక్షన్లో భోజనాల బంతిలో కూర్చున్న చుట్టాలను, గారె నోట్లో ఉండగానే లేపి కర్రల కోసం పరిగెత్తించిన ఘనుడు మా నూజివీడు చుట్టుపక్కల ఒక్కడే ఉన్నాడు. మీరు ఊహించింది నిజమే, ఆ ఘనత నాదే. ఇప్పటికీ మైలవరంలో ఎవరింటికి భోజనానికి వెళ్ళినా, నా చేతిలో ఏముందో చూసిగానీ విస్తరి వెయ్యరు.

మైలవరంలో మా మేనత్త కూతురు చిన్నికి వోణీలు. నేను కీబోర్డు వాయిస్తానని అత్తకు మహా గర్వం. నాకు టాబ్లెట్ కొనిచ్చింది కూడా ఆవిడే. బెజవాడ నుంచి బ్యాండు మాట్లాడదామని మావయ్య అంటే, "మా సీను ఉండగా పరాయివాళ్ళెందుకండీ?" అని అడ్డం పడింది.

"మరి డ్రమ్ములెవరు కొడతార్రా?" అని నన్నడిగింది తర్వాత.

"అన్నీ టాబ్లెట్లోనే ఉంటాయత్తా. నువ్వు గుండె మీద చెయ్యేసుకుని పడుకో."

నెట్‌లోంచి దించుకున్న మిడీ డ్రమ్ము ఫైళ్ళు నా దగ్గర గంపెడున్నాయి. పేర్లన్నీ అంకెలూ అక్షరాలూ. ఏది పెళ్ళి దరువో, ఏది చావు దరువో వింటేగానీ తెలీదు. ఆ వినడమే కుదరదు. మిడీ ఫైల్లో చప్పుడుండదండీ, ఏ డ్రమ్ము మీద ఎప్పుడు దెబ్బ పడాలో మాత్రమే రాసి ఉంటుంది. మోగించడానికి వేరే యాప్ కావాలి. మొదట దొరికిన యాప్ డ్రమ్ములన్నిటినీ పియానోలో వినిపించింది.

"ఏంట్రా ఆ మోత? నీ కీబోర్డు మీదికి పిల్లి గానీ ఎక్కిందా?" అంది అమ్మ వంటింట్లోంచి.

"డ్రమ్ములమ్మా."

"ఇవా డ్రమ్ములు? పాపం, మీ అత్త పరువంతా నీ చేతిలో పెట్టింది. చూసుకో నాయనా."

రెండో యాప్‌లోకి ఒక్కో ఫైలునూ విడివిడిగా ఎక్కించాలి. ఒకటి వినేలోపు టీ చల్లారిపోయేది. ఎల్లుండి ఫంక్షన్ అనగా దొరికింది బంగారంలాంటి మూడో యాప్. పేరు మీద వేలు పెడితే చాలు, అసలు డ్రమ్ముల చప్పుడే వినిపిస్తుంది. దాన్ని తయారుచేసినవాళ్ళు చల్లగా ఉండాలి.

నాన్న నన్ను మామిడితోట కాపలాకు పంపితే, పాకలో మంచమెక్కి, హెడ్‌ఫోన్స్ తగిలించుకుని ఒక్కొక్కటే విన్నాను. ఒకటి వినగానే ఒళ్ళు జల్లుమంది. ఎక్కడో విన్నట్టే ఉంది. కాళ్ళు వాటంతటవే మంచం దిగాయి. 'ఇదీ మన నేల దరువంటే! చిన్ని పందిట్లోకి వచ్చేటప్పుడు ఇదే' అని నిర్ణయించేశాను. ఆ 'ఎక్కడో' ఎక్కడా అని ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే ఈ కథే లేదు.

ఫంక్షన్ రోజు ఎండ దంచేస్తోందని భోజనాలు ముందే మొదలెట్టారు. మొదటి బంతిలో అందరూ మా వైపు మామిడి రైతులే. "చిన్ని వస్తోంది, కానీరా!" అని అత్త సైగ చేసింది. నేను చక్రవర్తిలా వేలెత్తి, టాబ్లెట్ మీద ఆనించాను.

పెద్ద స్పీకర్లలోంచి డడడ డాం, డడడ డాం!

విస్తళ్ళ మీద చేతులన్నీ ఆగిపోయాయి.

"కోతులు! కోతులొచ్చాయిరోయ్!" అని మా పక్క తోట వెంకట్రావు బాబాయ్ ఒక్క గావుకేక పెట్టాడు.

అప్పుడు వెలిగింది నాకు. మా తోటల్లో కోతులు దిగితే ఖాళీ నూనె డబ్బా మీద కొట్టే మోత అచ్చం అదే. అది చెవిన పడితే పక్క తోటలవాళ్ళు ఎంత పనిలో ఉన్నా వదిలేసి పరిగెత్తాలి, అది మా కట్టుబాటు. ఒకాయన షామియానా కర్ర పీకాడు. ఇంకొకాయన పులుసు గరిటె అందుకున్నాడు. బాబాయ్ ఎంగిలి చేత్తోనే బండి స్టార్ట్ చేశాడు.

"బాబాయ్! అది టాబ్లెట్ అండీ!"

"నీ మొహం! డబ్బా మోత నాకు తెలీదా?" అని దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయాడు.

గుమ్మంలో చిన్ని కళ్ళనిండా నీళ్ళు. "బావా, నా ఫంక్షన్..." అంది. నాకు భూమిలోకి దిగిపోదామనిపించింది. టాబ్లెట్ ఆపబోతుంటే అత్త వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఆపావంటే చంపేస్తా," అంది. వడ్డనవాడి చేతిలోని ఖాళీ బకెట్టు లాక్కుని, గరిటెతో ఆ దరువుకే సరిగ్గా వాయించడం మొదలెట్టింది. "కోతుల్లేవు, ఏం లేవు! లేచినవాళ్ళెవరూ కూర్చోకండి! మా పిల్లకు ఎదురెళ్ళి తీసుకొద్దాం రండి!"

కర్రలతో, గరిటెలతో అంతమంది పెద్దలు ముందు నడుస్తుంటే చిన్ని పడీ పడీ నవ్వుతూ పందిట్లోకి వచ్చింది. బెజవాడ బ్యాండు వచ్చినా అంత ఊరేగింపు జరిగేది కాదు. ఆ రోజు అత్త నన్నెంత కాపాడిందో ఇప్పటికీ అందరికీ చెప్తుంటాను.

రెండో బంతి నడుస్తుండగా వెంకట్రావు బాబాయ్ ఫోన్ చేశాడు.

"ఒరేయ్ సీనా! నిజంగానే వచ్చాయిరా, మీ తోటలోకే! నేనొచ్చేసరికి మందంతా చెట్ల మీదే ఉంది. తోలేశాను. మైలవరంలో కూర్చుని నీకెలా తెలిసిందిరా?"

ఆ టాబ్లెట్‌ను నాన్న మా తోట పాకలో మేకు కొట్టి తగిలించాడు. కోతులొస్తే వేలు పెడతాడు. నాకు అత్తే మళ్ళీ కొత్తది కొనిచ్చింది. కొనిచ్చేముందు రసాల గంప మీద చెయ్యి వేయించి ప్రమాణం చేయించుకుంది. మామిడి రైతు విస్తరి ముందు ఉండగా ఈ జన్మలో ఏ దరువూ వెయ్యను. తప్పనిసరై వేస్తే, ముందు బాబాయ్‌కి పెరుగన్నం దాకా వడ్డించే వేస్తాను.