ఇటార్సీ కాయ

వరిగడ్డిలో మగ్గిన బంగినపల్లి వాసన తగిలితే నాకు ముందుగా గుర్తొచ్చేది పండు కాదు, సమ్మక్క చెయ్యి. కాయను అరచేతిలో ఒకసారి తిప్పి, ముచ్చిక దగ్గర బొటనవేలితో మెల్లగా నొక్కి, "ఇటార్సీ" అనేది. కాయ గంపలోకి వెళ్లేది. ఇంకొకటి తిప్పి "బల్లార్షా" అనేది. అది పక్కకు పోయేది.

ఎనభైల చివర్లో ఖమ్మంలో ఒక మామిడి వ్యాపారి దగ్గర లెక్కలు చూసేవాణ్ణి. బడిలో నేర్చింది తక్కువ, సొంతంగా కూడబెట్టుకున్నది ఎక్కువ. టేకులపల్లి వైపు అడవి పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్ల జట్టుకు సమ్మక్క పెద్ద. ఢిల్లీకి పోయే కాయను ఏరి గంపలు కట్టడం వాళ్ల పని. కాయ ఏ స్టేషన్ దగ్గర రంగు తిరుగుతుందో ఆ పేరు పెడుతోందని నేను అర్థం చేసుకున్నాను. ఢిల్లీ దారిలో ముందొచ్చే బల్లార్షాలోనే తిరిగేది అక్కడికి చేరేలోగా కుళ్లుతుంది. నాగపూర్ కూడా దాటాక వచ్చే ఇటార్సీ దాకా ఓర్చేదే పనికొస్తుంది.

ఆ ఏడు రాత్రికి రాత్రే నాగపూర్ దాటిపోయే కొత్త పార్సిల్ బండి వచ్చింది. పాత గూడ్సులా దారిలో రోజుల తరబడి పడి ఉండేది కాదు. మొదటి లోడుకే ఢిల్లీ నుంచి కబురు: కాయ రాయిలా ఉంది, కొనేవాడు లేడు. మా యజమాని కోస్తా మనిషి. "ఇంకొక్క లోడు చూస్తానయ్యా. మళ్లీ ఇదే మాటొస్తే జట్టును మార్చేద్దాం," అన్నారు.

నేను సమ్మక్క పక్కన కూర్చుని నేల మీద సుద్దతో రైలు దారి గీశాను. "బండి జల్దీ పోతున్నది సమ్మక్కా. ఇగ బల్లార్షా కాయే ఎక్కియ్యాలె."

"ఏంది బిడ్డా, మతి ఉండే అంటున్నవా? కుళ్లిపోతది."

"ఇటార్సీ పోవడానికి ఇప్పుడు అంత టైం పట్టదు. ఆ ఊరు..."

ఆమె చెయ్యి ఆగింది. "ఇటార్సీ ఊరా?"

"ఊరే. పెద్ద స్టేషన్."

"అక్కడ మనుషులుంటరా?"

జట్టంతా గొల్లున నవ్వింది. ఒకామె, "లేదక్కా, కాయలే ఉంటయి, టికెట్ కొనుక్కొని దిగుతయి!" అంది. సమ్మక్క నవ్వలేదు. "గట్టికాయను మా అత్త గట్లనే పిలిచేది. కాయ పేరే అనుకున్న."

ఆమె తీర్పులో రైలే లేనప్పుడు నా గీత దేనికి? రైలు సంగతి తెలియకుండానే ఇన్నేళ్లూ కాయ సరిగ్గా ఎలా చేరింది? ఆ సాయంత్రం ఆమె ఏ పేరూ పలకలేదు. ప్రతి కాయనూ రెండుసార్లు తిప్పింది. నేను ఎక్కించమన్నవి కొన్ని ఎక్కాయి, కొన్ని ఆగిపోయాయి. ఏది చూసి వేరు చేసిందో పక్కనే ఉండి కూడా పట్టుకోలేకపోయాను.

ఆ లోడు ఢిల్లీలో మొత్తం అమ్ముడుపోయింది. జట్టు నిలిచింది. "నీ లెక్క పారిందయ్యా," అని యజమాని నా భుజం తట్టారు. నేను వెళ్లి సమ్మక్కను అడిగాను: "నా మాట విన్నవా, నీ చేతి మాట విన్నవా?"

"నాకేం ఎరుక బిడ్డా? నువ్వు చెప్పినంక నా చెయ్యి నాకే కొత్తగ అనిపించింది."

తర్వాత చాలాచోట్ల లెక్కలు కట్టాను. తప్పిన లెక్క నన్ను కలవరపెట్టదు. వెతికితే తప్పు దొరుకుతుంది. సరిపోయినప్పుడే తికమక పడతాను. ఎవరైనా భేష్ అంటే, పక్కన ఇంకెవరి చెయ్యి పడిందోనని ఇప్పటికీ చుట్టూ చూస్తాను.