ఎత్తులక్కయ్య అనేసిన మాట

ఎదుటివాళ్ల నోట్లోంచి ఇంకా బయటికి రాని మాటను తనే ముందుగా అనేయడం ఎత్తులక్కయ్యకు అలవాటు. మామూలు మాటలు కాదు, తగువులాటలో మాటలు. ఒకరు కోపంగా నోరు తెరిచి గాలి పీల్చుకుంటారు చూడండి, ఆ గాలి మాటయ్యేలోపు వెనకనుంచి ఒక సన్నటి గొంతు ఆ మాట అనేసేది. తిరిగి చూస్తే ఆవిడ. చేతిలో టీ గ్లాసు, కాళ్లకు చప్పుడు చేయని రబ్బరు చెప్పులు. ఎప్పుడొచ్చిందో ఎవరికీ తెలిసేది కాదు.

మనిషి నాలుగున్నర అడుగులు. కాబట్టి పొడుగు చూసి పెట్టిన పేరు కాదది. మాది అట్టపెట్టెల్లో పెట్టి అమ్మే ఆటలు తయారుచేసే కార్ఖానా. కింద ప్రింటింగు, కటింగు. పైన ఒక పొడుగాటి బల్ల ఉన్న గది. కొత్త ఆట ఏదొచ్చినా ఆవిడ ఆ బల్ల దగ్గర కూర్చుని వందసార్లు ఆడి, ఏ ఎత్తు వేస్తే ఆట చెడుతుందో కనిపెట్టేది. ఆవిడ చెప్పినదాన్నిబట్టి నేను నియమాల కాగితం రాసేదాన్ని.

"తగువు కూడా ఆటేనే అమ్మాయ్," అనేది. "పేరులోనే ఉంది కదా. పోట్లాట, కొట్లాట, దెబ్బలాట. వంతులుంటాయి, ఎత్తులుంటాయి, చూసేవాళ్లుంటారు. చూసేవాళ్లు లేచిపోతే సగం తగువులు అక్కడికక్కడే ఆగిపోతాయి."

"మరి గెలుపు?"

"అందరూ గెలవడానికే ఆడతారనుకున్నావా? కొందరికి ఆట సాగితే చాలు. మా ఆయనా నేనూ ఫ్యాను స్పీడు మీద ఇరవయ్యేళ్లుగా ఆడుతున్నాం. ఎవరో ఒకరు గెలిచామే అనుకో, సాయంత్రాలు ఏమీ తోచక చస్తాం."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. నా భుజం మీదుగా ఎటో చూస్తూ గొంతు తగ్గించింది. "ఒక్క ఎత్తు మాత్రం ఉంది. బల్ల తిరగేసే ఎత్తు. అది వేసినవాడు గెలవడు, అవతలివాడు ఓడడు. ఇక ఆటే ఉండదు."

నేను వెనక్కి తిరిగి చూశాను. గోడ తప్ప ఏమీ లేదు. అయినా ఆ రోజంతా వీపు మీద చల్లగా ఏదో ఆనుకున్నట్టే ఉంది.

ఒకసారి అట్ట మీద గీత వంకరపోయిందని కటింగాయనా ప్రింటింగాయనా తగువు పెట్టుకున్నారు. గీసినవాడిది తప్పా, కోసినవాడిది తప్పా? కటింగాయన నోరు తెరిచాడు.

"నీ కళ్లు పోతున్నాయి, ఇంటికెళ్లి పడుకో!" అని వినపడింది.

అన్నది ఆయన కాదు. ఆయన నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. ప్రింటింగాయన మొహంలో నెత్తురు లేదు. చూపు మందగిస్తోందన్న సంగతి పాపం ఇంట్లో కూడా చెప్పుకోలేదట.

"ఛఛ, నేనెందుకంటానండీ అలాంటి మాట!" అని కటింగాయన గోల పెట్టాడు. తర్వాత ఇద్దరూ కలిసి ఎత్తులక్కయ్య మీద పడ్డారు. ఆవిడ టీ తాగుతూ నిలబడింది. ఆ దెబ్బకు కటింగాయన రెండు రోజులు ఆవిడ ఎదుట నోరు విప్పకుండా సైగలతోనే గడిపాడు. "ఇప్పుడు సుత్తి ఇమ్మంటాడు," అనేది ఆవిడ. ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయేది.

మా యజమాని మరీ హడలిపోయాడు. బావమరిదితో ఏదో మాటా మాటా పెరిగినప్పుడు ఆవిడ అన్న ముక్క అచ్చం చనిపోయిన వాళ్ల నాన్న గొంతుతో వినపడిందట. మర్నాడే తన గదికి లోపలినుంచి గడియ పెట్టించుకున్నాడు. వారం తిరక్కుండా లోపల మళ్లీ తగువు రేగగానే, మూసిన తలుపు బయటినుంచి ఆవిడ ఇంకో మాట అనేసింది.

"తలుపేసి ఉంటే లోపలి మాటలు మీకెలా వినపడ్డాయండీ?" అనడిగాను.

"వినపడక్కర్లేదు. వంతు ఎవరిదో తెలిస్తే చాలు."

ఆవిడ మంచిదా, మరోటా అన్నది నాకు చాలాకాలం తేలలేదు. అది మా అక్క వచ్చిన రోజున తేలింది.

అమ్మ పోయి రెండేళ్లయింది. ఆ రెండేళ్లూ అక్కా నేనూ ఎప్పుడు మాట్లాడుకున్నా తగువే. ఆ మధ్యాహ్నం అక్క, అమ్మ కుట్టుమిషను కోసం నేరుగా కార్ఖానాకే వచ్చేసింది. పైగదిలో, బల్లకి అటు తను, ఇటు నేను.

"నీకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. మిషనెందుకే నీకు?"

"అమ్మ చివరిదాకా నా దగ్గరే ఉంది. మిషనూ నా దగ్గరే ఉంటుంది."

"ఉంది, ఉంది! అమ్మ నీ దగ్గరే ఉంది..." అని అక్క గాలి పీల్చుకుంది.

ఆ పీల్చుకోవడం నాకు తెలుసు. రెండేళ్లుగా దానికోసమే భయపడుతున్నాను. గదిలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు కూడా ఆగినట్టనిపించింది.

"చిట్టీ, ఆ పూట నువ్వు నిద్రపోకుండా ఉంటే అమ్మ బతికేది."

అక్క గొంతే. కానీ అక్క పెదాలు కదల్లేదు. తలుపు దగ్గర రబ్బరు చెప్పులు, టీ గ్లాసు.

అక్క చివ్వున తలుపు వైపు తిరిగింది. అంతలోనే మొహం ఎర్రబడింది. "ఎవరమ్మా నువ్వు? నేనలా అనలేదు! అనబోలేదు! మా చెల్లెలు మూడు రాత్రులు కన్నార్పకుండా కాచింది. నాలుగో రాత్రి అరగంట ఒరిగితే తప్పా? మెలకువగా ఉన్నా చేసేదేం లేదని డాక్టరే అన్నాడు నాతో. దాన్ని ఇంకో మాటంటే ఊరుకోను!"

బ్యాగు లాక్కుని దడదడా మెట్లు దిగిపోయింది. డాక్టరు అలా అన్నాడని నాకు ఆ క్షణం దాకా తెలీదు.

"నిద్రపోయానని మీకెవరు చెప్పారు?" అనడిగాను.

"ఎవరూ చెప్పలేదు. ఇంట్లో మనిషి పోయినప్పుడు ఎవరో ఒకరు నిద్రపోయే ఉంటారమ్మాయ్," అంది ఆవిడ నెమ్మదిగా. "నా అంచనాల్లో తప్పులు కూడా పడుతుంటాయి. పడితే మాత్రమేం? నేనలా అనబోలేదని ఒకసారి పైకి అనేశాక ఆ బల్ల తిరగేసే ఎత్తు ఇక వాళ్లు వెయ్యలేరు. కోపమంటావా, అది నా మీదికొస్తుంది. నా సైజుకి తగిలే చోటెంత?"

"మరి మా అక్క గొంతు? చిట్టీ అన్న పిలుపు? నన్నలా మా అక్క తప్ప ఇంకెవరూ పిలవరే!"

ఆవిడ వింతగా చూసింది. "చిట్టి ఎవరు? నేను నా గొంతుతోనే కదా అన్నాను."

ఆగి ఆలోచించే టైము లేదు. బస్సు వెళ్లిపోకముందే అక్కను పట్టుకోవాలని పరుగెత్తాను.

స్టాపులో అక్క ఇంకా కుతకుతలాడుతోంది. "సిగ్గులేని మనిషి!"

"అవునక్కా, బొత్తిగా లేదు," అన్నాను. రెండేళ్లలో మేమిద్దరం ఒప్పుకున్న మొదటి మాట అది.

కాసేపటికి అక్క, "మిషను నువ్వే ఉంచుకో," అంది.

"వద్దు, నువ్వే తీసుకెళ్లు. నాకు దారం ఎక్కించడం రాదుగా."

"ఉంచుకోమంటుంటే!"

"తీసుకెళ్లమంటుంటే!"

రెండు బస్సులు వచ్చి వెళ్లిపోయాయి. మా వంతులు మాత్రం సాగుతూనే ఉన్నాయి.