చిలకమ్మకు నాలుగక్షరాలు

అనంతగిరిలో మా పెరటి నుంచి కాఫీ పళ్ల తొక్కు పులిసిన వాసన వస్తుండగా ఫోన్ తెరిచాను. నేను పనిచేసే ప్రోగ్రామింగ్ భాషకు కొత్త వెర్షన్ విడుదలైందని వార్త. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా సరిదిద్దవచ్చు అనే భాష అది. దేశదేశాలవాళ్లు కలిసి నడుపుతారు. మార్పుల జాబితాలో ఒక వరుస: తెలుగు అక్షరాలను ఇక సరిగా లెక్కపెడుతుంది. దాని కింద నా పేరుంది. వరలక్ష్మి మేడం పేరు లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మేడంది పార్వతీపురం. పాడేరులో కాఫీ రైతులకు గుర్తింపు కార్డులు అచ్చువేసే ఆఫీసులో నాకు పై అధికారి. ఒకరోజు చిలకమ్మ అనే ముసలావిడ జీపు దిగి వచ్చి, తన కార్డు నా బల్ల మీద పెట్టింది.

“మా మనవరాలు సదివింది. ఇది నా పేరు కాదంట.”

కార్డు మీద ‘చిలకమ్’ అని ఉంది. గుడినీ, పొల్లునూ, ఒత్తునూ విడి అక్షరాలుగా లెక్కపెట్టి, నాలుగక్షరాల పేరును ఏడు చేసి, గడిలో చోటు చాలదని, ఆ భాషలో రాసిన మా ప్రోగ్రాం చివర కోసేసింది. చూస్తే అలాంటి కార్డులు ఇంకా చాలా ఉన్నాయి. పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టెయ్యమని పైనుంచి ఫోనొచ్చింది. మేడం ఫోన్ పెట్టేసి నావైపు తిరిగారు.

“మిషన్‌కి రాకపోతే మనుసులు పేర్లు మార్సుకోవాలేటి? ఆ భాష సేసినోళ్లకే రాయి.”

నా ఇంగ్లీషు చూసి నవ్వుతారన్నాను.

“నవ్వనీ. నీది ఇంగ్లీషు తప్పు, ఆళ్లది లెక్క తప్పు. ఏది పెద్దది?”

రాశాను. రెండు రోజులకు జవాబొచ్చింది: వాడేవాళ్లు తక్కువ, దీనికోసం మార్చలేం. ఫిర్యాదు మూసేశారు. నాకు ఏడుపొచ్చింది. మేడం మాత్రం స్క్రీన్ నావైపే జరిపారు. “మళ్లీ తెరువు.” తెరిచాను. మళ్లీ మూశారు. “అడిగితే సెయ్యరు. నువ్వే సేసి పంపు,” అన్నారు. ఆ భాష లోపలి పని నేర్చుకోవడానికి నాకు నెలలు పట్టింది.

ఈలోగా ఇంగ్లీషు పేర్ల జాబితా తయారై సంతకానికి వచ్చింది. మేడం సంతకం పెట్టలేదు. “ఇందులో ఉన్నోళ్లెవరో నాకు తెలీదు,” అని తిప్పి పంపారు. ఆవిడ కాంట్రాక్టు మళ్లీ పొడిగించలేదు. బస్సెక్కుతూ నా చెయ్యి పట్టుకున్నారు. “నాను ఎల్లిపోతన్నానని నువ్వు ఆపీకు.”

ఆపలేదు. నేను పంపిన మార్పును రెండుసార్లు తిప్పికొట్టారు. మూడోసారి, తన భాషకూ ఇదే బాధ ఉన్న ఎవరో దూరదేశపు మనిషి నా పక్షాన నిలబడి వాదించాడు. అప్పుడు ఒప్పుకున్నారు.

వార్త చూడగానే పార్వతీపురానికి ఫోన్ చేశాను. మేడం ఇప్పుడు ఇంటి వరండాలో ఆడపిల్లలకు కంప్యూటర్ నేర్పుతున్నారు. అంతా విని అడిగారు.

“మరి మన పక్కనున్న ఒరియావోళ్ల పేర్లు బాగుపడ్డాయేటి?”

“ఇంకా లేదు మేడం.”

“మరేటి సంబరం? బేగి సూడు.”

ఇప్పుడు ఆ భాషకు వచ్చే ఫిర్యాదులు చూసేవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఈ ఉదయం ఒకటి వచ్చింది. నేనెప్పుడూ వినని భాష, నా కంటే తడబడే ఇంగ్లీషు. వాడేవాళ్లు తక్కువ, మూసేద్దామని అప్పటికే ఎవరో కింద రాశారు. ఆ మాట కింద నేను రాశాను: “మూయను. ఇది నేను చూస్తాను.”