ఉకులేలేకి నేను కట్టిన బ్రేకు తీగలు

మా చిన్నప్పుడు... ఉదయగిరిలో మా వీధి మొదట్లోకి వస్తే చాలు, చెక్క గీరుతున్న చప్పుడు వినపడేది. అది మా పక్కింటి మస్తాన్ మామ ఇంటి ముందరి పంచలోంచి. గరిటెలు, స్పూన్లు, దువ్వెనలు... అన్నీ నర్ది అనే అడవి చెక్కతో, చేత్తోనే చేసేవాడు. అనుమసముద్రంపేట దర్గా దగ్గరి దుకాణాలకు కట్టలు కట్టి పంపేవాడు. బడి వదలగానే నా మకాం అక్కడే. చెక్కపొట్టు వాసన, జైనబ్ అత్త ఇచ్చే టీ...

ఒకసారి ఆత్మకూరు నుంచి ఒక పాటల మేడమ్ గరిటెలు కొనడానికి వచ్చింది. చేతిలో బుల్లి గిటారులాంటిది ఉంది. ఉకులేలే అంట! నాలుగే తీగలు. మేమెవరమూ ఆ పేరు అంతకుముందు వినలేదు. మామ దాన్ని అటూ ఇటూ తిప్పి, వేలితో తట్టి చూసి, ఒక దారంతో కొలతలు తీసుకున్నాడు.

"ఇట్లాంటిది చేయగలరా మస్తాన్ గారూ? బాగా వస్తే మా బడి పిల్లలకు ఇరవై కావాలి" అంది మేడమ్.

"గరిటెలు చేసే చెయ్యి మేడమ్... చూస్తా" అన్నాడు మామ. మొహం మాత్రం వెలిగిపోయింది.

ఆ సాయంత్రం ఆమె నాకు కూడా ఒక చిన్న పాట వాయించడం నేర్పింది. తీగలు మారిస్తే దాని గొంతు మారుతుందని, శ్రుతి మార్చి కట్టుకుంటే అదే వాయిద్యం కొత్తదానిలా పలుకుతుందని చెప్పింది. ఆ మాట నా బుర్రను తొలిచేసింది.

మామకు నెల పట్టింది. సోమశిల వైపు చేపలు పట్టేవాళ్ల దగ్గర గాలానికి కట్టే నైలాన్ దారం తెప్పించి, దాన్నే తీగలుగా బిగించాడు. కింద తీగలు ముడేసే చెక్క పట్టీ ఒకటి ఉంటుంది... దాన్ని జిగురుతో అతికించి, మీద బరువు పెట్టి, మూడు రోజులు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. అది ఊడితే వాయిద్యమే లేదు మరి.

ఆదివారం మేడమ్ చూడటానికి వస్తానంది. శనివారం పొద్దున మామ, అత్త వరికుంటపాడులో పెళ్లికి పోతూ దాన్ని నా చేతికిచ్చారు.

"వాయించుకో పాపా. జాగ్రత్త... రేపు మేడమ్ వచ్చేది దీనికోసమే."

నాకేమో ఆ దారం మొద్దుగా మోగుతున్నట్టు అనిపించింది. మా నాయనది సైకిల్ సామాన్ల అంగడి. బ్రేకు తీగ పురి విప్పితే లోపల సన్నటి ఉక్కు పోగులు ఉంటాయి. ఇంకేం కావాలి! దారాలు తీసేసి నాలుగు పోగులు కట్టేశాను. బిరడాలు తిప్పి మీటగానే ఖంగుమంది. ఇంకొంచెం బిగించాను. ఒక్కో తీగను ఒక్కో శ్రుతికి మార్చి చూశాను. ఎంత బాగుందో చెప్పలేను... ఆ మధ్యాహ్నమంతా నాకు నేనే పెద్ద విద్వాంసురాలిని.

సాయంత్రం చూద్దును కదా... పట్టీ వెనకవైపు గోరు దూరేంత పైకి లేచింది. గబగబా ఉక్కు తీగలు విప్పేసి, మళ్లీ దారాలే కట్టి, పట్టీని బొటనవేలితో గట్టిగా నొక్కి, మామ పంచలో మేకుకు తగిలించి వచ్చేశాను.

ఆదివారం మేడమ్ వచ్చింది. శ్రుతి సరిచేసుకుని రెండుసార్లు మీటింది. మూడోసారికి పట్టీ టప్పున ఊడి ఆమె ఒళ్లో పడింది.

"పిల్లలెవరైనా ఆడుకున్నారా దీంతో?" అని అడిగింది ఆమె.

మామ నా తల మీద చెయ్యి వేశాడు. "మా పాప ఒక్కతే ముట్టుకునింది మేడమ్. ఈ పిల్ల గరిటెను కూడా కింద పడనీదు. నా అతుకే నిలవలేదు. తప్పు నాదే."

నేను నోరు విప్పలేదు. నన్నెవరూ అడగలేదు కదా, నేను అబద్ధం ఆడలేదు కదా అని ఎన్నేళ్లు నాకు నేనే సర్దిచెప్పుకున్నానో... తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

మేడమ్ కసురుకోలేదు పాపం. నాలుగు గరిటెలు కొనుక్కుని, మళ్లీ చూద్దాంలెండి అని బస్సెక్కింది. మళ్లీ రాలేదు.

ఆ తర్వాత మామ జిగురు ముట్టుకోలేదు. ఎవరైనా విరిగిన పీట తెచ్చినా, "అతుకు పని నా చేతికి రాదు, కలిగిరిలో చూసుకోండి" అనేవాడు. నేను అక్కడే కూర్చుని ఇంకోపక్క చూసేదాన్ని. అంత పనిమంతుడు తన చేతిని తానే నమ్మడం మానేశాడు... నా వల్ల.

ఇప్పుడు నాకూ ఒక ఉకులేలే ఉంది. ఫోన్‌లో నొక్కితే రకరకాల తీగలు ఇంటికే వస్తున్నాయి. మొన్న తెప్పించిన ప్యాకెట్ మీద రాసి ఉంది... నైలాన్ తీగల వాయిద్యానికి ఉక్కు తీగలు కట్టవద్దు, ఆ లాగుడుకు పట్టీ ఊడిపోతుంది అని. నాకు తెలియని సంగతి కాదు. అయినా అచ్చులో చూసేసరికి ఆ పూట అన్నం సయించలేదు.

పోయిన ఆదివారం ఉదయగిరి వెళ్లాను. మామ పంచలోనే ఉన్నాడు, కళ్లద్దాలు పెట్టుకుని గరిటె చెక్కుతూ. పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. తిడతాడనుకున్నాను. లేదంటే చిన్నపిల్లవి, పోనీలే అంటాడని... దాచడం ఎందుకు, అదే ఆశపడ్డాను. రెండూ అనలేదు. ఉలి కింద పెట్టి నా వైపు తిరిగాడు.

"ఉక్కు తీగలు లాగినా సాయంత్రం దాకా పట్టుకోనే ఉండిందా నా అతుకు?"

"ఉండింది మామా."

"మేడమ్‌కి చెప్పినావా ఈ మాట?"

చెప్పలేదన్నట్టు తల ఊపాను.

"చెప్పు మరి. ఆ యమ్మ నా పనే చెడ్డదనుకోని పోయినాది" అన్నాడు.

ఈ రోజుల్లో ఎవరినైనా ఫోన్‌లో ఇట్టే వెతికి పట్టుకోవచ్చంటారు. ఆమె పేరు కూడా నాకు గుర్తులేదు... ఆత్మకూరులో చదువుకున్నవాళ్లూ, చిన్నప్పుడు మీకు ఉకులేలే నేర్పిన పాటల మేడమ్ ఎవరైనా ఉంటే ఈ పోస్టు కింద రాయండి. ఆమె ఎక్కడున్నా ఈ మాట చేరవేయండి. ఉదయగిరి మస్తాన్ అతుకు గట్టిదే మేడమ్. ఊడగొట్టింది నేను.