సముద్రం లేని రాష్ట్రం

మా ఇంట్లో కొత్తగా కొన్న వస్తువు ఒక్కటి కూడా లేదు. మంచం, కుర్చీ, అన్నం వండే గంజు, గోడమీది ఏసు పటం, అన్నీ ఇంకొకరి ఇంట్లో ఒక బతుకు బతికి మా ఇంటికి వచ్చినవే. బాపు కరీంనగర్ దగ్గరి పల్లెలో ఉపదేశి. ఫాదరు రాని ఆదివారాల్లో గుడిలో జపాలు చెప్పించడం, పిల్లలకు జ్ఞానోపదేశం నేర్పడం ఆయన పని. ఆ జీతానికి కొత్తవి కొనడం కలలో మాట. అందుకని వీలు చిక్కినప్పుడల్లా కరీంనగర్ పోయి, పాత సామాన్లు అమ్మే గుజిరి దుకాణాలు గాలించి వచ్చేవాడు. పోలీసు చర్య తర్వాత ఇళ్లు ఖాళీ చేసి పోయినవాళ్ల సామాను ఆ దుకాణాల్లో ఏళ్ల తరబడి కనిపిస్తూనే ఉండేది.

“ఎవరి ఉసురో గిది” అని అవ్వ, మా అమ్మ, ముట్టుకోవడానికి జంకేది. బాపు మంత్రించిన నీళ్లు చల్లి, సిలువ గుర్తు వేసి, “ఇగ మనదే” అనేవాడు. పాత యజమాని గురించి ఆయన మళ్లీ ఆలోచించేవాడు కాదు.

వాటిలో మంచివన్నీ అక్కకే. చిన్నప్పుడు జ్వరమొచ్చి అక్కకు ఎడమకాలు పడిపోయింది. బడి రెండు మైళ్ల దూరం. ఎత్తుకుని పోయే వయసు దాటాక బాపే ఇంట్లో చదువు మొదలుపెట్టాడు. రాసుకోవడానికి వాలుబల్ల, ఇత్తడి సిరాబుడ్డి, గుడ్డకు అతికించిన హైదరాబాదు రాష్ట్ర పటం, ఏడో తరగతి దాకా పుస్తకాలు, ఒక్కొక్కటే ఇంటికి చేరాయి. పుస్తకాల మొదటి పేజీలో ఎవరిదో పేరుండేది. బాపు దాన్ని బ్లేడుతో గీకి, ఆ పలచబడ్డ చోట అక్క పేరు రాసేవాడు. నన్ను బడికి తోలి చేతులు దులుపుకునేవాడు. రెండు కాళ్లూ బాగున్నందుకు నాకు శిక్ష పడినట్టుండేది. అక్క మీద నాకు కుళ్లు. ఇప్పుడు దాచుకుని చేసేదేముంది?

చదువు చెప్పడానికి బాపుకు ఒక్క తీరే తెలుసు, జ్ఞానోపదేశం తీరు. ప్రశ్న ఆయన చదువుతాడు. జవాబు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు, ఒక్క అక్షరం పొల్లు పోకుండా అక్క చెప్పాలి. దేవుడెవరు అన్న ప్రశ్నకు జవాబు ఎన్నటికీ మారనట్టే, పత్తి ఎక్కడ పండుతుందన్న ప్రశ్నకూ మారదని ఆయన నమ్మకం.

“మన రాష్ట్రమునకు సముద్రతీరము కలదా?”

“మన రాష్ట్రమునకు సముద్రతీరము లేదు.”

వినీ వినీ ఆ జవాబు మా పక్కింటి ముసలమ్మకు కూడా నోటికొచ్చింది.

కరీంనగర్‌లోని మఠం సిస్టర్లు బాపుకు ఒక మాట ఇచ్చారు. అక్క ప్రైవేటుగా ఏడో తరగతి పరీక్ష పాసైతే టీచరు ట్రైనింగుకు పంపిస్తామని, తర్వాత తమ బడిలోనే పని ఇస్తామని. అక్క నాటు వేయలేదు, కూలికి పోలేదు. ఒకరి మీద ఆధారపడకుండా బతకడానికి ఆమెకు ఆ దారి ఒక్కటే ఉందని ఇంట్లో అందరికీ తెలుసు. నాకు కూడా తెలుసు.

అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఏడాది దాటింది. బాపుకు తెలియక కాదు. “రాజ్యాలు మారుతయ్, పాఠాలు మారుతయా?” అనేవాడు. అయినా ఎక్కడో అనుమానం తొలిచినట్టుంది. ఒక సాయంత్రం అక్క పక్కనుండగానే నన్ను పిలిచి అడిగాడు.

“మీ బడిల గూడ గిసొంటి పుస్తకాలేనా బిడ్డా? కొత్తయి ఏమన్న వచ్చినయా?”

వచ్చాయి. నా సంచిలోనే ఉంది కొత్త పుస్తకం. అందులో కొత్త రాష్ట్రం పటం, తూర్పున పొడుగునా నీలిరంగు సముద్రం. కానీ ఆ రోజే బాపు అక్క కోసం చేతుల కుర్చీ మోసుకొచ్చాడు. నేను నెల నుంచి అడుగుతున్న పలక మరిచిపోయాడు. కడుపు మండింది.

“గవే బాపూ. ఏం మారలే” అన్నాను.

నాకప్పుడు పదకొండేళ్లు. అబద్ధమని తెలిసే చెప్పాను.

పరీక్ష రోజు ఎడ్లబండిలో అక్కను కరీంనగర్ తీసుకుపోయాం. బాపు లోపలిదాకా ఎత్తుకుని పోయి బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చాడు. పరీక్ష అయ్యాక ప్రశ్నపత్రం చేతిలోకి తీసుకుని, ఇంట్లో అడిగినట్టే ఒక్కొక్కటీ అడగడం మొదలుపెట్టాడు. చాలావాటికి అక్క తల అడ్డంగా ఊపింది.

“రాష్ట్రములోని ఓడరేవులను పేర్కొనుము.”

“మన రాష్ట్రమునకు సముద్రతీరము లేదని రాసిన” అంది అక్క.

బాపు ఆ ప్రశ్నను మళ్లీ చదువుకున్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. దారి పొడుగునా ఎడ్లను అదిలిస్తూనే ఉన్నాడు.

అక్క తప్పింది. ఇంకొక్కసారి రాయిద్దామని అవ్వ ఎంతో బతిమాలింది. బాపు వినలేదు. ఆ తర్వాత ఆయన గుజిరి దుకాణాల మొహం చూడలేదు, అక్కకు మరొక ప్రశ్న వేయలేదు. సిస్టర్లు జాలిపడి అక్కను మఠం వంటింట్లో పెట్టుకున్నారు. బియ్యం ఏరడం, కూరగాయలు తరగడం, గిన్నెలు తోమడం. తిండి పెట్టి, ఏడాదికి రెండు చీరలు ఇచ్చేవాళ్లు.

కొన్నేళ్లకు నేను ఏడో తరగతి పాసయ్యాను. ట్రైనింగుకు పోయాను. అక్కకు ఇస్తామన్న పని నాకు ఇచ్చారు. నేను పాఠం చెప్పే గది కిటికీలోంచి చూస్తే వంటింటి వాకిట్లో అక్క కనిపించేది. పాపసంకీర్తనంలో ఫాదరుకు నా అబద్ధం చెప్పుకున్నాను. మూడు మంగళవార్త జపాలు చెప్పమన్నాడు. చెప్పాను. మర్నాడు కిటికీలో మళ్లీ అక్కే.

చివరికి ఒక మధ్యాహ్నం పోయి ఆమె పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. అక్క బియ్యం ఏరుతున్న చాటలోంచి తల ఎత్తలేదు.

“నాకెరుకే” అంది. “పరీక్ష ఇంక రెండు దినాలున్నదనంగ నీ సంచిల సూసిన గా పుస్తకం. రెండు దినాలల్ల ఏం సదువుదు? గని గా ఓడరేవులు మాత్రం యాదికున్నయ్. ఇశాకపట్నం, కాకినాడ, మచిలీపట్నం.”

“మరి రాయకపోతివేందక్కా?” అన్నాను.

“రాస్తే బాపు అడగడా, గివి నీకెవరు జెప్పిన్రని? నాకు అబద్ధమాడ రాదాయె. నువ్వు దొరుకుదువు. నిన్ను సంపి, బడి బంద్ వెట్టిచ్చేటోడు.”

నాకు ఏడుపు ఆగలేదు. క్షమించమనడానికి పోయినదాన్ని, ఆమె భుజం మీద తల పెట్టాను. అక్క చేతికంటిన తవుడు చీరకు తుడుచుకుని నా వీపు నిమిరింది. నాకప్పటికి ఇరవై రెండేళ్లు. బాపు ముసలివాడై, కర్ర లేనిదే వాకిలి దాటలేకపోతున్నాడు.

“ఊకో” అంది అక్క, గొంతు తగ్గించి. “బాపుకైతే జెప్పకు. కొడ్తడు నిన్ను.”